111 జీవో ఊళ్లలో ఇల్లు కట్టిస్తున్నారా? రేటు కంటే ముందు బిల్డర్‌ను అడగాల్సింది ఇదే!

వీకెండ్‌లో మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు కారు తీస్తే చాలు.. రోడ్డుకు రెండు పక్కలా బోర్డులే బోర్డులు. 'ఫామ్‌హౌస్ కట్టిస్తాం', 'తాళం చేతికిస్తాం', చదరపు అడుగుకు ఇంత అని ఒక రేటు, కింద ఫోన్ నంబర్. ఫోన్ చేస్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే.. '111 జీవో ఎత్తేశారు కదా సార్, ఇంకేం భయం లేదు'.

సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగాలి. అందులో సగమే నిజం. మిగతా సగం తెలియక కట్టినవాళ్ల ఇంటి ముందుకే జేసీబీ వస్తుంది.

1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తింది. మళ్లీ అలాంటి విపత్తు రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో జలాశయాలకు ప్లాన్ వేశారు. మూసీపై ఉస్మాన్ సాగర్ (మనం గండిపేట అంటాం) 1920లో, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి తాగునీరిచ్చిన ఈ జంట జలాశయాల్ని కాపాడేందుకు 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు వద్దన్నది దాని సారాంశం.

2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షల్ని ఎత్తేశారు. 2023 మేలో 111ను పూర్తిగా రద్దు చేయాలని అప్పటి కేబినెట్ నిర్ణయించింది. బిల్డర్ చెప్పే సగం నిజం ఇదే. కానీ అదే జీవో 69లో ఒక షరతు ఉంది. జలాశయాల నీటి నాణ్యత ఏ రకంగానూ దెబ్బతినకూడదు! ఈ లైన్ మాత్రం బోర్డుల మీద కనిపించదు.

ఇంకో విషయం.. ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ రూల్స్‌కు 111తో సంబంధమే లేదు. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువైతే 9 మీటర్లు వదలాలి. 111 ఉన్నా, పోయినా ఇది తప్పదు. 2024 ఆగస్టులో గండిపేట చుట్టూ ఖానాపూర్, చిల్కూరు ప్రాంతాల్లో హైడ్రా కూల్చిన కట్టడాల గొడవంతా ఈ గీత గురించే.

ఎండాకాలంలో సైట్ చూపిస్తే జాగ్రత్త

మే నెలలో చెరువు వెనక్కి తగ్గుతుంది. ఎఫ్‌టీఎల్ లోపలి నేల కూడా చక్కటి ఎండు పొలంలా కనిపిస్తుంది. 'లేక్ వ్యూ సార్' అంటూ సైట్ చూపించేది సరిగ్గా అప్పుడే! అందుకే బిల్డర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు గురించి కాదు. 'ఈ సర్వే నంబర్‌కు ఎఫ్‌టీఎల్ ఎంత దూరంలో ఉంది, మ్యాప్ చూపిస్తారా?' అని అడగండి.

నమ్మదగ్గవాడైతే చిరాకు పడడు. హెచ్‌ఎండీఏ లేక్స్ వెబ్‌సైట్‌లోని చెరువుల మ్యాపులు తీసి చూపిస్తాడు. సర్వేయర్‌తో హద్దులు వేయించుకోమంటాడు. భూమి ఇంకా వ్యవసాయ భూమిగానే ఉంటే ముందు నాలా కన్వర్షన్ చేయించమంటాడు. ఇవన్నీ అయ్యేదాకా అడ్వాన్స్ వద్దనేవాడు దొరికితే చదరపు అడుగుకు ఇంకో వంద ఎక్కువైనా అతనికే పని ఇవ్వండి. 'అవన్నీ నేను చూసుకుంటా, సర్పంచ్ మనోడే' అన్నాడంటే మాత్రం దండం పెట్టి వచ్చేయడమే. ఎందుకంటే రేపు నోటీస్ వచ్చేది స్థలం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే. బిల్డర్ అప్పటికి తన డబ్బులు తీసుకుని ఇంకో సైట్‌లో స్లాబ్ వేయిస్తుంటాడు.

బ్యాంక్ లోన్ కూడా మంచి పరీక్షే. లోన్ ఇవ్వాలంటే బ్యాంకు అప్రూవ్డ్ ప్లాన్ అడుగుతుంది, లీగల్ ఒపీనియన్ తీసుకుంటుంది. 'లోన్ ఎందుకు సార్, క్యాష్‌లో కానిచ్చేద్దాం' అనే బిల్డర్ ఏం దాస్తున్నాడో ఆలోచించండి. చేతిలో డబ్బున్నా సరే, ఒకసారి సొంత లాయర్‌కు కాగితాలు చూపించడం బెటర్.

పాత ఇల్లు చూడండి.. కొత్తది కాదు

ప్రతి బిల్డరూ నిన్న రంగులేసిన ఇంటికే తీసుకెళ్తాడు. మీరు అడగాల్సింది కనీసం రెండు వానాకాలాలు చూసిన ఇల్లు. స్లాబ్ కింద చెమ్మ, గోడ మూలల్లో పగుళ్లు, బాత్రూం బయటి గోడ.. ఈ మూడూ చూస్తే సగం కథ తెలిసిపోతుంది. నల్లరేగడి నేల అయితే మరీ ముఖ్యం. వానకు ఉబ్బి, ఎండకు కుంగే ఆ నేలలో పునాది తేలిగ్గా వేస్తే గోడలు చీలతాయి. ఆ ఇంటి ఓనర్‌తో బిల్డర్ లేనప్పుడు మాట్లాడండి. ఆ ఇంటి పర్మిషన్ కాపీ కూడా అడగండి. అక్కడ పర్మిషన్ లేకుండా కట్టినవాడు మీ దగ్గర తీసుకుంటాడా?

అలాగే టాయిలెట్ నీళ్లు ఎక్కడికి పోతాయని అడగండి. ఈ ఊళ్లలో చాలాచోట్ల డ్రైనేజీ లైన్ ఉండదు. సెప్టిక్ ట్యాంక్, సోక్ పిట్ ఎక్కడ, బోరుకు ఎంత దూరంలో అన్నది ప్లాన్‌లోనే గీసి చూపించాలి. పైపు తీసుకెళ్లి పక్క వాగులో కలిపేస్తే ఆ నీళ్లు చేరేది జలాశయంలోకే.

ఒక అపోహ కూడా ఉంది. 'మోసం చేస్తే రెరా ఉంది కదా' అనుకుంటారు. మన స్థలంలో మనం కాంట్రాక్ట్ ఇచ్చి కట్టించుకునే ఇల్లు రెరా పరిధిలోకి రాదు. వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. ఇంటి నిర్మాణం కూడా ఆ చట్టంలో 'సేవ' కిందికే వస్తుంది. బిల్డర్‌కు ఇచ్చింది 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

అక్కడ నిలబడాలంటే చేతిలో అగ్రిమెంట్ ఉండాలి. కాంక్రీట్ ఎం20, స్టీల్ ఎఫ్‌ఈ500, సిమెంట్ ఏ కంపెనీది, క్యూరింగ్ ఎన్ని రోజులు.. అన్నీ రాయించండి. డబ్బు తేదీల ప్రకారం కాదు, పని ప్రకారం ఇవ్వాలి. బేస్‌మెంట్ అయితే ఇంత, స్లాబ్ పడితే ఇంత, ప్లాస్టరింగ్ అయ్యాక ఇంత. కొంత మొత్తం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకోండి. అప్రూవ్డ్ ప్లాన్ దాటి కడితే వచ్చే నష్టం బిల్డర్‌దేనని ఒక లైన్ తప్పనిసరి. సంతకం పెట్టేటప్పుడు ఆ లైన్ కొట్టేయమని అడిగితే.. అడ్వాన్స్ చెక్కు జేబులోనే ఉంచుకోండి.