తొమ్మిది టైటిళ్లు, నాలుగు ఊళ్లు

అమెరికాలో బేస్‌బాల్ జట్టు మీద ప్రేమ ఊరిది, హక్కు యజమానిది. ఆయన మూటాముల్లె సర్దుకుంటే జట్టుతో పాటు దాని పేరు, గెలిచిన టైటిళ్లు కూడా వెళ్లిపోతాయి. అథ్లెటిక్స్ జట్టు 1901లో ఫిలడెల్ఫియాలో మొదలై, 1955లో కాన్సాస్ సిటీకి, 1968లో ఓక్లాండ్‌కు, 2025లో వెస్ట్ శాక్రమెంటోకు మారింది. ఈలోగా తొమ్మిదిసార్లు వరల్డ్ సిరీస్ గెలిచింది.

అందులో అయిదు ఫిలడెల్ఫియాలో గెలిచినవే. అక్కడ మొదటి 50 సీజన్లకూ ఒకరే మేనేజర్, కాన్నీ మాక్. ఆయన కెరీర్ మొత్తంలో 3,731 విజయాలు, 3,948 పరాజయాలు. రెండూ నేటికీ రికార్డులే. 1914లో 99 మ్యాచ్‌లు గెలిచిన జట్టు 1916లో 36 గెలిచి 117 ఓడింది. పోటీగా వచ్చిన ఫెడరల్ లీగ్ జీతాలు పెంచేయడంతో మాక్ తన మేటి ఆటగాళ్లను వదులుకున్నాడు. డబ్బుకు ఆటగాళ్లను పోగొట్టుకోవడం ఈ జట్టుకు అప్పుడే అలవాటైంది.

కాన్సాస్ సిటీలో 13 సీజన్లు ఆడితే, ఒక్కదాంట్లోనూ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ లేవు.

ఓక్లాండ్ రాత మార్చింది. 1972, 1973, 1974లో వరుసగా మూడు టైటిళ్లు, 1989లో మరొకటి. నా మటుకు నాకు వాటికన్నా 2002 సీజనే గొప్పది. ఆ ఏడాది న్యూయార్క్ యాంకీస్ ఆటగాళ్ల జీతాలు సుమారు 12.5 కోట్ల డాలర్లు, ఓక్లాండ్‌వి దాదాపు 4 కోట్లు. ఇద్దరూ గెలిచింది 103 మ్యాచ్‌లే! బంతిని బలంగా బాదేవాళ్లకు ఖరీదెక్కువ. అందుకని జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ ఓపికగలవాళ్లను వెతికాడు. నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా దక్కుతుంది. ఆ నేర్పుకు అప్పటి మార్కెట్లో ధర తక్కువ. మోచేతి గాయంతో క్యాచర్‌గా పనికిరాకుండా పోయిన స్కాట్ హాటెబర్గ్ అలా దొరికినవాడే. సెప్టెంబర్ 4న 55 వేలమందికి పైగా చూస్తుండగా 11–0 ఆధిక్యం 11–11గా కరిగిపోయాక, అతడి హోమ్ రన్‌తోనే వరుసగా 20వ విజయం దక్కింది. ఎదుటి జట్టు కాన్సాస్ సిటీది. అథ్లెటిక్స్ వదిలేసి వచ్చిన ఊరు మళ్లీ కట్టుకున్న జట్టు అది.

ఓక్లాండ్‌లో జనం రారన్న మాట తరచూ వినిపించేది. 1979 ఏప్రిల్‌లో ఒక మ్యాచ్‌కు 653 మందే వచ్చిన మాట నిజం. కానీ మంచి ఆటగాళ్లను పంపేసి, 1966 నాటి స్టేడియాన్ని పాతబడనిచ్చి, ఖాళీ కుర్చీలు చూపించి ఊరిని తప్పుపట్టడం న్యాయం కాదు. 2023లో జట్టు 112 మ్యాచ్‌లు ఓడింది. ఆ ఏడాది జూన్ 13న అభిమానులు తమంతట తాము కూడబలుక్కుని 27,759 మంది వచ్చారు. జట్టును లాస్ వెగాస్‌కు తరలించాలనుకుంటున్న యజమానికి, దాన్ని అమ్మేయమని చెప్పడానికే ఆ రాక. ఆ రాత్రి జట్టు 2–1తో గెలిచింది. అయినా నవంబర్‌లో 30 జట్ల యజమానులూ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ఆ తరలింపును ఆమోదించారు.

2024 సెప్టెంబర్ 26న, ఓక్లాండ్‌లో 57వ సీజన్ చివర్లో, వీడ్కోలు మ్యాచ్‌కు 46,889 మంది వచ్చారు. జట్టు 3–2తో గెలిచింది. వెగాస్ స్టేడియం 2028కి సిద్ధమయ్యే దాకా మకాం వెస్ట్ శాక్రమెంటోలో, సుమారు 14 వేలమంది పట్టే చిన్న మైదానంలో. అక్కడున్నన్నాళ్లూ జట్టు తన పేరు ముందు ఏ ఊరి పేరూ పెట్టుకోవడం లేదు. ఉత్త అథ్లెటిక్స్, అంతే.