గోడ ఛాయ – ముఖవర్ణం

వైద్యునికి గోడల రంగుతో పనేమిటని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అని రోగిపరీక్షను మా గురువుగారు మూడు విధాలుగా నేర్పారు. మొదటిదైన దర్శనానికి వెలుతురే ఆధారం. ఆ వెలుతురును గోడ చెడగొట్టగలదని నేను చాలా ఆలస్యంగా తెలుసుకొన్నాను.

కొన్నేళ్ల క్రితం నేను రోగులను చూసే ముందుగదికి రంగు వేయించవలసి వచ్చింది. షేడ్ కార్డులో చివరికి రెండు లేత రంగులు మిగిలాయి. ఒకటి గంధపు ఛాయ, రెండవది బూడిద ఛాయ. వాటి మధ్య భేదం వెంట్రుకవాసి. ఏదైతేనేమని గంధపు రంగు వేయించాను. ఒకనాటి సాయంకాలం ఒక యువకుడు ఆకలి లేదని, నీరసమని వచ్చాడు. ముఖం పచ్చగా తోచినా, ఈ గదిలో అందరూ ఇలాగే కనిపిస్తారు కదా అనుకొని అగ్నిమాంద్యానికి మందిచ్చి పంపాను. అనుపానం మరల అడిగేందుకు అతడు మర్నాడు ఉదయం వచ్చి వసారాలో నిలబడ్డాడు. పగటి వెలుగులో కంటి తెల్లగుడ్డు పసుపుగా ఉన్నది. కామల! వెంటనే రక్తపరీక్షకు, ఆసుపత్రికి పంపాను. అతడు కోలుకొన్నాడు గాని, ఆ ఒక్క రాత్రి జాప్యం నన్ను నేటికీ బాధిస్తూనే ఉన్నది.

లేత రంగులలో అసలు తేడా అడుగున దాగిన ఛాయలో ఉంటుంది. చిన్న చీటీపై అది తెలియదు. నాలుగు గోడలూ ఒకదాని వెలుగును మరొకదానిపై ప్రసరింపజేసినప్పుడు చిక్కబడుతుంది. పడమటి ఎండ, 2700 కెల్విన్ పసుపు బల్బు గంధపు ఛాయను మరింత పెంచుతాయి. ఉత్తరపు కిటికీ వెలుగులో బూడిద రంగు కొంత నీలంగా తోస్తుంది.

కాబట్టి రెండడుగుల అట్టలపై రెండేసి పూతలు వేయించి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ గదిలోనే ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడండి. రెండింటి నడుమ తెల్లకాగితం ఉంచితే దాగిన ఛాయ బయటపడుతుంది. పక్కన ఇంటివారిని ఎవరినైనా నిలబెట్టి ముఖం కూడా చూడండి. పురిటిగదికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. గోడ ఏ రంగుదైనా, పసిబిడ్డను పగటి వెలుగులోనే పరిశీలించాలి. పుట్టిన 24 గంటలలోపే పచ్చదనం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు.

మరొక మాట. గృహాలకు వాడే రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందరి పాత పూతలను పొడిగా గీకించకండి, తడిపి తీయించండి. పిల్లలను, గర్భిణులను ఆ దరికి రానీయకండి.

నా ముందుగదికి ఇప్పుడు బూడిద ఛాయ ఉన్నది. బోసిగా ఉన్నదని మా ఇంట్లో సణుగుతారు. పడకగదికి మాత్రం గంధపు రంగే వేయించాం. అక్కడ రోగులను చూసే పని లేదు.