ఖర్చు కాని కరెంటుకు మీటరెక్కడ?

తెలుగు చెప్పుకొను మేము కరెంటు లెక్కలు వ్రాయబూనుటకు ఒక కారణము కలదు. గత సంవత్సరము భౌతికశాస్త్రపు పంతులుగారు సెలవులో నుండగా వారి గంట యొకటి మా పాలబడెను. విద్యుచ్ఛక్తిని గూర్చి మీకు తోచినది అడుగుడని పిల్లలతో అంటిమి. తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, “అయ్యవారూ, ఖర్చు కాని కరెంటుకు మీటరు ఎక్కడుంటుంది?” అని అడిగెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. మేము మాత్రము నవ్వలేకపోతిమి. మాకు సమాధానము తెలియదు.

ఆ బాలుని తండ్రి బెంగుళూరిలో ఒక కార్యాలయమునకు రాత్రి కావలివాడు. మన హోసూరు ప్రాంతమునుండి అట్లు పోయివచ్చువారు పెక్కుమంది కలరు. ప్రతి రాత్రి పది గంటలకు ఆయన అంతస్తులన్నియు తిరిగి, పనివారు ఆర్పక మరచిపోయిన కంప్యూటర్లను పైవారి అనుమతితో ఆర్పి, ఎన్ని ఆర్పినది ఒక నోటు పుస్తకములో వ్రాయును. ఇట్లుండగా ఆ కార్యాలయమువారు క్రొత్త ఏర్పాటు చేసిరి. నెట్‌వర్కుతో కలుపబడిన కంప్యూటర్లన్నిటిని ఒక్కచోటనుండియే నిద్రపుచ్చు ఏర్పాటది. కొన్నాళ్లకు, దానివలన ఇన్ని వేల యూనిట్లు మిగిలినవని గోడమీద కాగితము వెలసెను. “నేను ఆర్పినవి గూడా దాంట్లో కలిపేసినారా?” అని ఆయన ఇంట అన్నాడట. కుమారుని ప్రశ్న అక్కడ పుట్టినది. తరువాత మేము చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించినది ఇచ్చట వ్రాయుచున్నాము.

వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట పనిచేసిన ఒక యూనిట్టు ఖర్చగునని విద్యార్థులెరుగుదురు. బల్లమీద ఉంచు కంప్యూటరు ఎవరును తాకకున్నను, ఊరక వెలుగుచున్నంతసేపు సుమారు 40 మొదలు 80 వాట్ల వరకు తీసికొనుచుండును. తెర, అనగా మానిటరు, మరియొక 15 మొదలు 30 వాట్లు తీసికొనును. పనిలేనప్పుడు తెరపై చేపలును పూవులును కదలాడు స్క్రీన్‌సేవరును చూచి, కంప్యూటరు విశ్రమించినదని తలచువారు నేటికిని కలరు. అది విశ్రాంతి కాదు. పాతకాలపు గాజుగొట్టపు తెరలపై ఒకే బొమ్మ చాలసేపు నిలిచి మచ్చ పడకుండుటకు పుట్టిన ఉపాయమది. దానివలన కరెంటు మిగులదు.

నిజమైన నిద్ర వేరు. అందు కంప్యూటరు తాను చేయుచున్న పనిని జ్ఞాపకమందుంచుకొని, ఆ జ్ఞాపకమునకు మాత్రము కొంచెము విద్యుత్తునిచ్చి, తక్కిన భాగములనన్నిటిని ఆపివేయును. అప్పటి ఖర్చు రెండు మూడు వాట్లు మాత్రమే. 1992లో అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ ‘ఎనర్జీ స్టార్’ అను గుర్తును ఏర్పరచినప్పుడు మొట్టమొదట దానిని పొందినవి కంప్యూటర్లును మానిటర్లునే. మన దేశమున ఫ్రిజ్జులమీదను ఏసీలమీదను కనబడు నక్షత్రముల చీటీ 2006లో వచ్చినది.

నిద్రించిన కంప్యూటరును దూరమునుండి లేపుటయు సాధ్యమే. ప్రతి కంప్యూటరుకు నెట్‌వర్కులో తనదైన చిరునామా యొకటి యుండును. లేపదలచినవారు ఆ చిరునామాను పదునారుసార్లు వరుసగా చేర్చి ఒక చిన్న సందేశము పంపుదురు. నెట్‌వర్కు తీగ తగిలియున్న భాగము మాత్రము మెలకువతో నుండి, తన పేరు వినగానే తక్కిన యంత్రమును లేపును. పరీక్షనాడు తెల్లవారుజామున మీ యమ్మ మిమ్ము పిలుచుటయు ఇంచుమించు ఇట్టిదే గదా! ఈ సదుపాయమును సరిగా అమర్చుకొనక, రాత్రివేళ మరమ్మతులు పంపవలెనను నెపమున కంప్యూటర్లను తెల్లవార్లు మేల్కొలిపియుంచు కార్యాలయములు అనేకము.

ఇక బాలుని ప్రశ్న. మీటరు తిరిగినదానినే చెప్పును, తిరుగనిదానిని చెప్పదు. మన ఇండ్లలో అవ్వలు వంటకు బియ్యము కొలుచునప్పుడు పిడికెడు తీసి వేరొక కుండలో వేయుదురు. నెలాఖరున ఆ కుండను చూచిన ఎంత మిగిలినదో కన్నులకు కనబడును. కరెంటుకు అట్టి కుండ లేదు. మిగిలినదెంతయో తెలియవలెనన్న, ఈ ఏర్పాటే లేకున్న ఎంత ఖర్చయ్యెడిదో ముందు తేల్చవలెను. చిక్కంతయు ఆ ‘లేకున్న’ అను మాటలోనే యున్నది.

ఒక లెక్క వేసి చూతము. అంకెలు మేము ఊహించినవి. విద్యార్థులు కాగితము తీసికొని వెంట వేయవలెను. ఒక కార్యాలయమున 100 కంప్యూటర్లు. పెట్టె 45 వాట్లు, తెర 15 వాట్లు, మొత్తము 60. నిద్రలో పెట్టెకు 2 వాట్లు, తెరకు లెక్కకు రానంత. పూర్తిగా ఆర్పినను పెట్టె 1 వాట్టు తీసికొనును. వారమునకు 168 గంటలలో పనివేళలు 48, మిగిలినవి 120. నిద్రవలన కంప్యూటరుకు 58 వాట్ల చొప్పున 120 గంటలకు 6.96 యూనిట్లు మిగులును. 52 వారములకు, 100 కంప్యూటర్లకు కలిపిన 36,192 యూనిట్లు. గోడమీది కాగితములు తరచుగా ఇట్టి లెక్కతోనే ఆగిపోవును.

అయితే ఆ నూటిలో 60 కంప్యూటర్లను పనివారో, కావలివాడో మునుపే ప్రతి రాత్రి ఆర్పుచుండిరనుకొనుడు. అవి ఎన్నడును రాత్రి వెలుగలేదు. వాటివలన క్రొత్తగా మిగులునదేమి? 40 మాత్రమే లెక్కకు వచ్చును. మొత్తము 14,477కు దిగినది. ఆ నలువదింటి తెరలును క్రొత్త ఏర్పాటుకు పూర్వమే తమంతట తాము ఆరిపోవుచుండెనేని, తెర తాలూకు 15 వాట్లను గూడ తీసివేయవలెను. 58కి బదులు 43 వాట్లు; మొత్తము 10,733. ఇంకను ఒక విచిత్రము. “ఇక కంప్యూటరే నిద్రపోవును, మనమేల ఆర్పవలె?” అని ఆ అరువది మందియు ఆర్పుట మానివేసిన, ఒక వాట్టుకు బదులు రెండు వాట్లు ఖర్చగును. సంవత్సరమునకు 374 యూనిట్లు నష్టము. తుదకు నిలిచినది 10,358. మొదటి లెక్కలో మూడవవంతు గూడ లేదు! పదివేల యూనిట్లు చిన్న మొత్తమేమియు కాదు. ముప్పదియారువేలని చెప్పుటయే తప్పు.

పెద్ద ప్రయోగశాలలవారును ఈ ‘లేకున్న’ను కనుగొనుటకు కాలినడకనే నమ్ముకొనిరి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు పనివేళలు ముగిసిన తరువాత కార్యాలయములు, పాఠశాలలు, ఆసుపత్రులు తిరిగి, ఏ యంత్రము వెలుగుచున్నదో, ఏది నిద్రించుచున్నదో, ఏది ఆరినదో వ్రాసికొనిరి. వారి నివేదిక 2004లో వెలువడెను. సగమునకు మించిన కంప్యూటర్లు ఆర్పబడలేదనియు, తెరలలో పెక్కు నిద్రించుచుండగా వాటి పెట్టెలు మాత్రము చాల అరుదుగా నిద్రించుచున్నవనియు తేలినది. మన బాలుని తండ్రి చేయు పనియు ఇదియే గదా అని, ఆ సంగతి చదివినప్పుడు మాకు సంతోషము కలిగెను.

నేడు ఈ గణన నెట్‌వర్కు ద్వారానే చేయవచ్చును. ప్రతి యంత్రము తాను మేల్కొన్న గంటలను, నిద్రించిన గంటలను ఒక కేంద్రమునకు తెలుపును. బుద్ధిమంతులు చేయు పద్ధతి యేమనగా, నిద్రపుచ్చు ఆజ్ఞ నీయకముందే మూడు నాలుగు వారములు ఏమియు మార్పక మౌనముగా వ్రాసికొందురు. పాత అలవాటు అందు తెలియును. మరికొన్ని యంత్రములను ఆజ్ఞ నీయక పాతవిధముననే విడిచి, రెండు గుంపులను పోల్చుదురు. గంటలు సరియైనంతనే చాలదు. వాట్లును సరియైనవి కావలెను. కేంద్రమునందలి పట్టికలో ఈ రకపు యంత్రమునకు ఇన్ని వాట్లని ఎవరో వ్రాసియుంచినది నమ్మక, కొన్నింటికైనను ప్లగ్గు మీటరు తగిలించి చూడవలెను. మాటాడని యంత్రము ఆరినదో, తీగ ఊడినదో, ల్యాప్‌టాపయి ఇంటికి పోయినదో కేంద్రమునకు తెలియదు. నిద్రించుమన్నను నిద్రపోనివియు కొన్ని యుండును; తెరచియుంచిన దస్త్రమో, ఏదో చిన్న ప్రోగ్రామో వాటిని మేల్కొలుపుచుండును.

కరెంటు బిల్లులనే పోల్చిన చాలదా అని తల్లిదండ్రులు కొందరు అడుగవచ్చును. ఏప్రిల్ బిల్లునకును డిసెంబరు బిల్లునకును భేదము ఏసీలవలన వచ్చినదా, సెలవులవలన వచ్చినదా, కంప్యూటర్లవలన వచ్చినదా? బిల్లు చెప్పదు. కంప్యూటరు తీసికొనిన కరెంటంతయు తుదకు వేడిగా మారునుగనుక, దానిని నిద్రపుచ్చిన ఏసీకి గూడ కొంత భారము తగ్గునను మాట మాత్రము నిజము.

మేమును ఒక ప్లగ్గు మీటరు ఎరువు తెచ్చి మన పాఠశాల కంప్యూటరొకదానికి తగిలించితిమి. పిల్లలు చుట్టును మూగిరి. తెరతో కూడ 58 వాట్లు, నిద్రలో 3, ఆర్పినప్పుడు 1. ప్లగ్గు స్విచ్చి ఆర్పగా సున్న. ఆ సున్నను చూచి చప్పట్లు కొట్టినవాడు ఆ బాలుడే.

మరునాడు వాడు తండ్రి నోటు పుస్తకమును తెచ్చి చూపెను. రెండేండ్ల పుట, తేదీ, అంతస్తు, ఎన్ని వెలుగుచుండెను, ఎన్ని ఆర్పినది. క్రొత్త ఏర్పాటుకు పూర్వపు అలవాటును తెలుపు లెక్క ఆ కార్యాలయమున మరి యెవ్వరివద్దనైన ఉన్నదో లేదో కాని, ఈయన వద్ద తేదీలతో సహా ఉన్నది. కొన్ని పుటలకు అంకెలు కూడి యిచ్చి, గోడమీది కాగితము వ్రాసినవారికి దానిని చూపుమని తండ్రితో చెప్పి పంపితిమి.