హరిహరనాథుడు: సమన్వయమా, పరతత్త్వమా?

తిక్కన సోమయాజి తన భారతమును హరిహరనాథునకు అంకితము చేసెనని విద్యార్థులందరు నెరుగుదురు. ఏల చేసెనని యడిగినచో ‘శైవవైష్ణవ సమన్వయమునకై’ యని వెంటనే సమాధానము చెప్పుదురు. ఈ సమాధానము అసత్యము కాదు, అసంపూర్ణము. ఇందు హరిహరనాథుడు ఒక సాంఘిక ప్రయోజనమునకు సాధనముగ కనబడునే కాని, కవి కొలిచిన దైవముగ కనబడడు. విరాటపర్వావతారిక ఈ విషయమున నేమి చెప్పుచున్నదో పరిశీలింపవలసి యున్నది.

ఆనాటి మతపరిస్థితిని విస్మరింపరాదు. 12వ శతాబ్దినాటి పలనాటి యుద్ధగాథయందు శైవవైష్ణవ వైరము ఛాయలు కలవు. అన్యదైవారాధనమును సహింపని వీరశైవమునకు బసవపురాణము వంటి కావ్యములు తెలుగున వెలసినవి. అట్టి వాతావరణమున, 13వ శతాబ్దిలో, నెల్లూరి ప్రభువగు మనుమసిద్ధికి మంత్రియైన తిక్కన విరాటపర్వము మొదలు స్వర్గారోహణపర్వము వరకు గల పదునైదు పర్వములను తెనిగించెను. మంత్రియగు కవి ప్రజల యైకమత్యమును కోరుట సహజమే. కాని యా కోరిక యొక్కటియే యైనచో అవతారిక మరియొక విధముగ నుండెడిది.

నన్నయ రాజరాజనరేంద్రుని కోరికపై భారతరచనకు పూనుకొనెను. తిక్కనయు మొదట నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధికే యంకితము చేసెను. భారతమునకు వచ్చునప్పటికి రాజు తొలగి దైవము కృతిపతి యయ్యెను. ఈ మార్పునకు కవి చూపిన కారణము రాజనీతి కాదు, స్వప్నము. తండ్రి కొమ్మన కలలో కనబడి హరిహరనాథుని యనుగ్రహమును తెలుపును. పిదప నా దేవుడే సాక్షాత్కరించును. స్వప్నవృత్తాంతము కావ్యసంప్రదాయమే కావచ్చును. ఐనను తన యంకితమును దైవమునకు తనకును గల సంబంధముగ కవి నిరూపింపదలచె ననుట స్పష్టము.

ప్రారంభపద్యము మరింత ముఖ్యమైనది. అందు దేవియు నొక్కతెయే. ఆమెయే శ్రీ, ఆమెయే గౌరి. భక్తుల నమస్కారమున శివుడు విష్ణురూపుడు. తుదకు కవి తాను కొలుచునది పరతత్త్వమని యేకవచనమున చెప్పుచున్నాడు. ఇరువురు దేవతలకు సంధి కుదిర్చిన మాట కాదిది. ఒక్కటిగ నున్న దానిని లోకము రెండు పేర్ల పిలుచుచున్నదను దృష్టి ఇది. ఆశ్వాసముల యాద్యంతములందలి సంబోధనలు నొక్కనినే యుద్దేశించి, వేదాంతప్రతిపాద్యమగు స్వరూపమును కీర్తించుచుండును.

హరిహరమూర్తి తిక్కనకు పూర్వమే శిల్పమున కలదు. బాదామిలోని 6వ శతాబ్దపు గుహాలయమున నట్టి మూర్తిని చూడవచ్చును. తుంగభద్రాతీరమందలి హరిహరమున 1224లో హోయసల మంత్రి పోలాళ్వుడు హరిహరేశ్వరాలయమును కట్టించెను. ఇట్టి మూర్తులలో కుడిసగము శివుడు, ఎడమసగము విష్ణువు. శిల్పి యెంత నిపుణుడైనను రెండు భాగములను చూపక తప్పదు. నడుమ నొక రేఖ నిలుచును. మాటకు ఆ నిర్బంధము లేదు. శిల్పమున మిగిలిన రేఖ తిక్కన పద్యమున చెరిగినది.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. సౌప్తికపర్వమున శివుడు అశ్వత్థామకు ఖడ్గమొసగి వాని దేహమున నావేశించును. కృష్ణుడు పాండవులను శిబిరమునకు దూరముగ నుంచి కాపాడును. ఒకరు సంహారమునకు, మరియొకరు రక్షణకు పూనుకొన్నప్పుడు ఏకత్వమెట్లు పొసగును? సంస్కృతమూలముననే దీనికి సమాధానము కలదు. కృష్ణునికంటె తనకు ప్రియుడు లేడనియు, అతనిపై గౌరవముచేతనే ఇంతవరకు పాంచాలురను రక్షించితిననియు, ఇపుడు వారికి కాలము తీరినదనియు శివుడే పలుకును. కనుక కార్యభేదము తత్త్వభేదము కాదు. కథలో హరిహరుల వ్యక్తిత్వములు వేరుగనే యుండును. కవి యేకత్వమును నిలిపినది తన యుపాసనయందు.

తరువాతి కాలమున నాచన సోమన తన యుత్తరహరివంశమును హరిహరనాథునకే యంకితము చేయుట ఈ యుపాసన తిక్కనతో నంతరింపలేదనుటకు నిదర్శనము.

సమన్వయమను మాటను విడువ నక్కరలేదు. కాని అది ఫలము, మూలము దర్శనము. ఈ క్రమమును తారుమారు చేసి బోధించినచో, విద్యార్థికి తిక్కనలోని మంత్రి తెలియునే కాని భక్తుడు తెలియడు.