షుగర్ సెన్సార్ ఎవరికి అవసరం?

షుగర్ జబ్బు ఉన్న బంధువు లేని కుటుంబం మనలో అరుదు. ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. చాలామంది నెలకోసారి పరగడుపున, తిన్న తర్వాత రక్తపరీక్ష చేయించుకుంటారు. ఆ రెండు అంకెలు ఆ రెండు వేళల సంగతే చెబుతాయి. అర్ధరాత్రి షుగర్ పడిపోయిందేమో చెప్పవు.

ఆ లోటు తీర్చేదే సీజీఎం, అంటే నిరంతరం షుగర్ చూసే పరికరం. బిళ్ళలాంటి చిన్న సెన్సార్‌ను ఎక్కువగా దండచేయి వెనుక అతికిస్తారు. దాని సన్నని తీగ చర్మం కింద, కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజ్‌ను కొలుస్తుంది. కొద్ది నిమిషాలకోసారి కొత్త అంకె వస్తుంది. చాలా రకాల్లో అది ఫోన్‌లోనే కనిపిస్తుంది, షుగర్ బాగా తగ్గితే అలారం మోగుతుంది. రక్తంలోని మార్పు ఇందులో కొన్ని నిమిషాలు ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఒంట్లో తేడాగా ఉండి అంకె మామూలుగా కనిపిస్తే వేలి నుంచి రక్తం తీసి చూసుకోవాలి.

రంజాన్‌లో ఇది బాగా అక్కరకొస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి సాయంత్రానికి షుగర్ పడిపోవచ్చు, ఇఫ్తార్ తర్వాత ఒక్కసారిగా పెరగవచ్చు. 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలన్నది వైద్యుల సలహా. మందుల మోతాదు గురించి నెల మొదలుకాక ముందే డాక్టరును అడగాలి.

ఇది అందరికీ అవసరం లేదు. మాత్రలతో షుగర్ అదుపులో ఉన్న చాలామందికి గ్లూకోమీటరు, డాక్టరు చెప్పిన గడువులో హెచ్‌బీఏ1సీ పరీక్ష సరిపోతాయి. ముందు వరుసలో ఉండాల్సింది టైప్ 1 పిల్లలు. ఇన్సులిన్ లేనిదే వారు బతకలేరు. నిద్రలో షుగర్ పడిపోతే తల్లిని లేపలేరు. ఎల్లారెడ్డి పక్క పల్లె నుంచి రాత్రివేళ కామారెడ్డి ఆసుపత్రికి చేరడం ఎంత కష్టమో మనకు తెలుసు. అలారం వేళకు మోగితే, బిడ్డ స్పృహలో ఉండగానే తల్లి చక్కెర నీళ్లు తాగించగలదు.

దాతలు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 14 రోజులు పనిచేసే సెన్సార్ అయితే ఏడాదికి 26 కావాలి, ఒక్కోటి వేల రూపాయలు. ఒకటి కొనిచ్చి ఆగిపోతే పదిహేనో రోజున ఆ ఇల్లు మళ్లీ మొదటికొస్తుంది. అంతకంటే ఒక బిడ్డ ఏడాది ఖర్చును నలుగురు కలిసి భరించడం మేలు. అది కుదరకపోతే డాక్టరు సలహాతో రెండు వారాలు పెట్టించి, ఆ వివరాలతో ఇన్సులిన్ మోతాదు సరిచేయించినా ఉపయోగమే. ఏది చేసినా ఇన్సులిన్, స్ట్రిప్పులు ముందు. అవి ఆగకుండా అందుతున్న ఇంటికే సెన్సార్ పనికొస్తుంది.