శుక్లపటలం పైపొర పదేపదే ఊడటం: కారణాలు, చికిత్స

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• మానిన కంటి గాయం ఎందుకు తిరగబెడుతుందో వివరించగలుగుతారు.
• డాక్టరుకు ఏయే వివరాలు చెప్పాలో తెలుసుకుంటారు.
• ఇంట్లో పాటించాల్సిన జాగ్రత్తలను, ప్రమాద సూచనలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

కోటవురట్ల, నర్సీపట్నం పరిసరాల్లో చెరకు పొలంలో పనిచేసేవారి కంటికి ఆకు అంచు గీరుకుపోవడం అరుదేమీ కాదు. ఇంట్లో చంటిబిడ్డ గోరు తగిలినా అదే గాయం అవుతుంది. రెండు మూడు రోజుల్లో నొప్పి పోతుంది. కొన్ని వారాలకో నెలలకో, ఒక తెల్లవారుజామున కన్ను తెరవగానే కోసినట్టు నొప్పి వస్తుంది. నీరు కారుతుంది, వెలుగు చూడలేరు. మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. కొద్ది రోజులకు మళ్ళీ వస్తుంది. డాక్టర్లు దీన్ని ‘రికరెంట్ కార్నియల్ ఎరోజన్’ అంటారు. పగటిపూట కన్ను మామూలుగా కనిపించడంతో ఇంట్లోవాళ్ళు ఆ బాధను నమ్మకపోవచ్చు. నమ్మినా, కళ్ళకలక అనుకుని ఊరుకుంటారు.

2. ఎందుకు తిరగబెడుతుంది?

కంటి ముందు అద్దంలా ఉండే పొర శుక్లపటలం, అంటే కార్నియా. మధ్యలో దీని మందం సుమారు అర మిల్లీమీటరు. దానిపై 5 నుంచి 7 వరసల కణాలతో పలుచని ఉపకళ ఉంటుంది. ఉపకళను కింది ఆధార త్వచానికి సూక్ష్మమైన బంధాలు పట్టి ఉంచుతాయి. గీత పడినప్పుడు పక్క కణాలు జరిగి కొద్ది రోజుల్లోనే గాయాన్ని కప్పేస్తాయి. కాని ఆ బంధాలు గట్టిపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కొత్తగా గిలాబా చేసిన గోడ పైకి నునుపుగా ఉన్నా లోపల పట్టు రానట్టే ఇదీ.

నిద్రలో కన్నీరు ఊరడం తగ్గుతుంది. అప్పుడు రెప్ప లోపలివైపు ఈ వదులు పొరకు అతుక్కుంటుంది. కన్ను తెరవగానే పొర లేచివస్తుంది. శుక్లపటలంలో నాడుల కొసలు చాలా దట్టంగా ఉంటాయి కాబట్టి చిన్న గాయమైనా తీవ్రంగా బాధిస్తుంది. దెబ్బ తగలకపోయినా, ఆధార త్వచంలో పుట్టుకతో వచ్చే లోపం వల్ల ఇది రావచ్చు. మధుమేహం ఉన్నవారిలో పొర పట్టు బలహీనంగా ఉంటుంది.

3. డాక్టరుకు ఏం చెప్పాలి?

మీరు ఆసుపత్రికి చేరేలోపే గాయం మూసుకుపోవచ్చు. అప్పుడు పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే మీరు చెప్పే వివరాలే రోగ నిర్ధారణకు ఆధారం. ఈ ఐదూ రాసుకుని వెళ్ళండి: మొదట ఏం తగిలింది, ఎప్పుడు, నొప్పి నిద్ర లేవగానే వస్తుందా, ఎన్నిసార్లు వచ్చింది, ఏ మందులు వాడారు. వీలైతే నొప్పి ఉన్న రోజే వెళ్ళండి. ఫ్లోరోసిన్ రంగు వేసి నీలికాంతిలో చూస్తే, పొర ఊడిన చోటు పచ్చగా మెరుస్తుంది.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మొదట చూపించుకోవచ్చు. పదేపదే వస్తుంటే కార్నియా నిపుణుల దగ్గరకు పంపమని అడగండి. విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ ఉన్నాయి.

4. చికిత్స

పగలు కన్నీటి చుక్కలు, పడుకునే ముందు ఆయింట్‌మెంట్ వాడటం మొదటి మెట్టు. నొప్పి తగ్గినా రాత్రి మందును డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి. పొర పట్టు సాధించేది ఆ కాలంలోనే. చాలామంది మందు మానేసేదీ అప్పుడే. దీంతో తగ్గకపోతే కట్టులా పనిచేసే మెత్తని కాంటాక్ట్ లెన్స్ పెడతారు. అవసరమైతే వదులు పొరను తొలగించి కింది తలాన్ని నునుపు చేస్తారు, లేదా లేజర్ చికిత్స చేస్తారు.

5. ఇంట్లో జాగ్రత్తలు

• చుక్కల సీసా తలగడ పక్కనే ఉంచుకోండి. మెలకువ రాగానే కన్ను గబుక్కున తెరవకండి, నలపకండి.
• ఫ్యాను గాలి ముఖానికి సూటిగా తగలనీయకండి.
• చెరకు పనిలో రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోండి.
• ఆకు పసర్లు, చనుబాలు, ఆముదం కంట్లో వేయకండి.
• మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు గాని, మొద్దుబార్చే చుక్కలు గాని వాడకండి.

ముఖ్య గమనిక: నల్లగుడ్డుపై తెల్లమచ్చ, చీము, చూపు మందగించడం, రోజురోజుకీ పెరిగే నొప్పి ఉంటే అది శుక్లపటలంపై పుండు కావచ్చు. ఆకు తగిలిన గాయాల్లో బూజు సోకే ప్రమాదం ఉంది. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

6. సారాంశం

గాయం మూసుకోవడం వేరు, పట్టు కుదరడం వేరు. ఈ రెంటి మధ్య కాలంలో మందు ఆపకుండా వాడితే చాలామందికి ఈ బాధ అదుపులోకి వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నొప్పి నిద్ర లేవగానే ఎందుకు వస్తుంది?
2. నొప్పి తగ్గాక కూడా రాత్రి మందు ఎందుకు వాడాలి?
3. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన సూచనలు ఏవి?