విడిది మర్యాద - బాటసారి హక్కు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమలో పెళ్ళి నిశ్చయం కాగానే తలెత్తే మొదటి ప్రశ్న వంటను గురించి కాదు, విడిదిని గురించి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ముస్లిం కుటుంబాలు కొద్దిపాటివే. అందుచేత సంబంధాలు తరచు దూరపు ఊళ్ళతో కుదురుతాయి. రైలు నేటికీ అమలాపురం చేరలేదు. హైదరాబాదు చుట్టమైనా, విజయవాడ చుట్టమైనా రాజమండ్రిలోనో, నరసాపురంలోనో దిగి బస్సు పట్టుకోవలసినదే. పూర్వం పంటు మీద ఏరు దాటేవారు. ఎదుర్లంక వద్ద, చించినాడ వద్ద వంతెనలు వచ్చాక ఆ శ్రమ తప్పింది. అయినా పిల్లాపాపలతో రాత్రివేళ దిగిన మనిషికి తలదాచుకునే చోటు కావాలి గదా!

ఈ చోటు చూపవలసిన బాధ్యత ఎవరిది? ఎంతవరకు? ఈ సంగతి తెలియకనే కొందరు ఆడపిల్లల తండ్రులు కొబ్బరితోట తాకట్టు పెట్టి బరాత్‌కు విందులు చేస్తున్నారు. తెలుసుకోవలసిన మొదటి విషయమేమంటే, షరీఅత్‌లో ఇవి రెండు వేర్వేరు అధ్యాయాలు. ఒకటి వలీమా, రెండవది జియాఫత్.

వలీమా వరుని బాధ్యత. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వివాహ వార్త తెలిపినప్పుడు, ఒక్క గొర్రెతోనైనా వలీమా చేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆయనకే ఆదేశించారు, వధువు తండ్రికి కాదు. ఖైబర్ నుండి తిరిగివస్తూ దారిలో సఫియ్యా (రజి) గారి వలీమా జరిగినప్పుడు అక్కడ రొట్టె లేదు, మాంసం లేదు; ఖర్జూరం, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి వడ్డించారు. ప్రయాణంలో చేసిన ఆ వలీమా కన్న ఘనమైన వలీమా మనం చేయగలమా?

ఇక జియాఫత్ అతిథి హక్కు. అది పెళ్ళి వల్ల రాదు, దారి నడిచి గుమ్మం చేరినందువల్ల వస్తుంది. అల్లాహ్‌ను, అంతిమ దినాన్ని విశ్వసించేవాడు అతిథిని గౌరవించాలని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు బోధిస్తున్నది. ఒక పగలు, ఒక రాత్రి ప్రత్యేక సత్కారం. ఆతిథ్యం మొత్తం మూడు దినాలు. ఆపై పెట్టినది సదఖా. ఆ ప్రత్యేక సత్కారమంటే, వెళ్ళేవానికి ఒక దినపు దారిబత్తెం కట్టి ఇవ్వడమని కొందరు పండితుల వివరణ. రైలుకు పోయేవారి చేతికి అన్నం మూట ఇచ్చే మన పెద్దల అలవాటు ఈ వివరణకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి!

అదే హదీసు అతిథికీ హద్దు గీసింది. ఇంటివాని వద్ద పెట్టడానికేమీ లేని స్థితి వచ్చేదాకా ఉండిపోయి అతనిని ఇబ్బందిపెట్టరాదు. జైనబ్ (రజి) గారి వలీమా నాడు కొందరు భోజనమైన పిదప కబుర్లలో కూర్చుండిపోగా, దివ్యఖుర్ఆన్‌లోని అహ్‌జాబ్ సూరా 53వ ఆయత్ అవతరించి, తిన్న తరువాత లేచిపోవాలని నేర్పింది.

కనుక వధువు ఇంటివారు దూరపు బంధువులకు ఇవ్వవలసినది భోజనం, పడక, నీళ్ళు, స్త్రీలకు చాటు. విందు కాదు. వారు మనసారా పెడితే దోషం లేదు. కాని ఇంతమందికి ఇన్ని రకాలని షరతు పెట్టి పెట్టించుకుంటే, మనఃపూర్వక సమ్మతి లేని సొమ్ము తిన్నట్లే అవుతుంది. బరాత్‌కు ఎందరు వస్తారో వరుని పెద్దలు ముందుగా అడిగి, ఆ ఇంటి శక్తిని బట్టి నిర్ణయించుకోవడం మర్యాద.

విడిదిలో నమాజు ఏర్పాటు మరువరాదు. వుజూకు నీళ్ళు, శుభ్రమైన చాపలు ఉంచి ఖిబ్లా దిక్కు చెప్పాలి. ఇక్కడినుండి అది పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. హనఫీ మతం ప్రకారం 48 మైళ్ళు, అనగా సుమారు 77 కిలోమీటర్లు దాటి వచ్చి, పదిహేను దినాలకు తక్కువ ఉండదలచినవాడు ముసాఫిర్. అతడు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జులు రెండేసి రకాతులు చేస్తాడు. స్థానిక ఇమాము వెనుక నిలిచినప్పుడు మాత్రం నాలుగూ చేయాలి. హైదరాబాదు, విజయవాడల నుండి వచ్చినవారికి ఇది వర్తిస్తుంది.

మన ఇల్లు చాలనప్పుడు హిందూ సోదరులు తమ మండువా ఇంటినో, అరుగునో విడిదికి ఇవ్వడం ఈ సీమలో ఉన్నదే. ఆ ఇంట మాంసం వాడని ఆచారముంటే మాంసాహారం అక్కడికి తీసుకుపోకుండా, ఇల్లు ఎట్లా తీసుకున్నామో అట్లాగే శుభ్రం చేసి అప్పగించాలి. పొరుగువాని హక్కు అతని మతమేదైనా హక్కే.

వచ్చినవానికి బోండాం కొట్టి ఇచ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, చాప పరచిన పేదయింటివాడు సున్నత్‌ను నెరవేర్చినట్లే. అప్పు చేయని పెళ్ళిళ్ళు చేసే ధైర్యాన్ని, ఆతిథేయుని భారమెరిగి మసలుకొనే వివేకాన్ని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.